ఇరవై ఎనిమిదో రోజు

మా మరదలు హైమవతి కడుపునిండా గాలి పీల్చింది ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకి. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆ అంకె కాగితం మీద వేసింది నేనే. పరీక్ష గొట్టంలో ఆమె చేత మూడుసార్లు ఊదించాను. మొదటిసారి వచ్చిన అంకె చూసి మిషన్ చెడిపోయిందనుకున్నాను. రెండోసారి ఇంకాస్త ఎక్కువే వచ్చింది. మూడోసారి ఊదాక హైమ గొట్టం చేతిలోనే ఉంచుకుని, రెండో చెయ్యి గుండెల మీద పెట్టుకుని, కదిలితే పోతుందేమో అన్నట్టు అలాగే కూర్చుంది.

“ఇది నా ఊపిరేనా వదినా?” అంది.

నేను నవ్వాను. నవ్వుతూనే మొహం పక్కకి తిప్పుకున్నాను, ఎందుకంటే ఏడుపు కూడా వచ్చింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో పేషెంటు ముందు నాకు కళ్ళలో నీళ్ళు రావడం అదే మొదలు.

నా పేరు సుభాషిణి. గుంటూరులో ఒక ఊపిరితిత్తుల ఆసుపత్రిలో నర్సుగా చేరి, చివరికి అదే ఆవరణలో ఉన్న డాక్టర్ చిత్తరంజన్ గారి ప్రయోగశాలకి వచ్చి పడ్డాను. ఆయన కనిపెట్టిన ఉబ్బసం వైద్యాన్ని పరీక్షించడానికి నలభై ఒక్క మందిని చేర్చుకున్నారు. అందరూ ఆడవాళ్ళే, అందరూ నలభై ఐదు లోపు వాళ్ళే. మిరపకాయల తొడిమలు తీసేదీ, కోల్డ్ స్టోరేజీల్లో కాయలు ఏరేదీ వాళ్ళే కాబట్టి, ఆ ఘాటుకి ఆయాసం తెచ్చుకునేదీ వాళ్ళే. వాళ్ళని నెలనెలా పిలిపించడం, ఊదించడం, పరీక్షలకి రక్తం, మూత్రం తీసుకోవడం, వివరాలు రాయడం నా పని. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని డాక్టరు గారు నలుగురిలో మెచ్చుకునేవారు. నేను పొంగిపోయేదాన్ని.

వైద్యం ఏమిటంటే, రోగి రక్తంలోంచి కొన్ని కణాలు తీసి, మూడు వారాలు సీసాల్లో పెంచి, వాటికి ఒకే ఒక్క పని నేర్పేవారు. ఒంట్లో ఎక్కడ వాపు లేస్తే అక్కడికి పోయి దాన్ని చల్లార్చాలి. తర్వాత వాటిని నీటి తుంపరలో కలిపి ఒక అద్దాల గదిలోకి వదిలితే, రోగి లోపల కూర్చుని అరగంట పీల్చేది. కణాలు వెళ్ళి ఊపిరి గొట్టాల్లో కాపురం పెట్టేవి. మా ఆడవాళ్ళు ఆ గదిని మంచుగది అన్నారు, కణాలకి కావలోళ్ళని పేరు పెట్టారు. రిపోర్టు నా చేతికి రాగానే, మా కావలోళ్ళు మేలుకునే ఉన్నారా అమ్మా అని అడిగేవాళ్ళు. ఈ కావలోళ్ళకి ఒకే ఒక్క దుర్గుణం, తిరుగుబోతుతనం. నాలుగు వారాలు దాటితే ఇల్లు మరిచిపోయేవారు. అందుకని ఇరవై ఎనిమిదో రోజున పిలుపుమందు అని ఇంకో తుంపర పట్టేవాళ్ళం. అది పీలిస్తే కణాలు ఒంట్లో ఎక్కడున్నా పూట గడిచేలోపు ఊపిరితిత్తుల్లోకి తిరిగొచ్చేవి. ఇరవై ఎనిమిది అన్న లెక్క ఎలుకల్లో చూసి పెట్టింది. మగ ఎలుకల్లో అని నాకు తర్వాత తెలిసింది.

హైమ మా తమ్ముడు కోటేశ్వరరావు భార్య. వాడు మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేస్తాడు. పెళ్ళినాటికి ఆమెది కోలమొహం, చెంపల మీద ఎముకలు కనిపించేవి. మాత్రలు మింగీ మింగీ ఆ మొహం గుండ్రంగా ఉబ్బిపోయి, పెళ్ళి ఫోటో చూపిస్తే ఇదెవరు అని అడిగేలా అయింది. పడుకుంటే గాలాడదు, మూడు దిళ్ళకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. గొంతులోంచి వచ్చే పిల్లికూతలు పక్క గదిలోకి వినిపించేవి. తొమ్మిదేళ్ళు అలాగే గడిచాయి. ఇన్నేళ్ళలోనూ ఆమె కోరుకున్నది ఒక్కటే, బిడ్డ. చూపించుకున్న ప్రతి డాక్టరూ, ఈ మాత్రలు ఆగి ఈ ఆయాసం తగ్గేదాకా బిడ్డ మాట ఎత్తొద్దు, తల్లి ప్రాణానికే ముప్పు అనేవాళ్ళు. కొత్త వైద్యం మొదలైన రెండో ఏడు ఆ సంగతి నేను చెప్పినప్పుడు కూడా గాలాడుతుందా అని ఆమె అడగలేదు. అది చేయించుకుంటే పిల్లల్ని కనొచ్చా అని అడిగింది. డాక్టరు గారు ఆమెకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఏడాది పాటు మాత్రల్లేకుండా గడిస్తే కనొచ్చని చెప్పారు. ఆయన నోటికొచ్చింది చెప్పే మనిషి కాదు, నమ్మే చెప్పారు.

ఆ ఏడాది ఎలా గడిచిందో చెబితే మీకు నమ్మకం కలగదు. హైమ పొయ్యి దగ్గరే నిలబడి ఎండుమిరపకాయలు వేయించింది. వేయించి, దగ్గు వస్తుందని ఎదురుచూస్తూ నిలబడింది, రాలేదు. మా తమ్ముడు ఆ పూట అన్నం తింటూనే నాకు ఫోన్ చేసి, పచ్చడి అదిరిందక్కా అని ఒక్క మాట చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఆమె రోజుకి నాలుగుసార్లు మేడ ఎక్కి దిగేది. ఏం పనుందని ఎక్కావంటే, ఏమీ లేదు, ఊరికే అనేది. నెలనెలా వాపు తగ్గి, పాత కోలమొహం మళ్ళీ బయటపడింది. ఏడాది నిండిన రోజున డాక్టరు గారు ఆమె కాగితాల మీద ఇక గర్భం ధరించవచ్చని రాసి సంతకం పెట్టారు. హైమ ఆ కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకుంది. మంచుగది ముందు బల్ల మీద కూర్చున్న తోటి పేషెంట్లందరికీ చూపించింది. వాళ్ళు ఆమెని ఆటపట్టించారు, కోటేశ్వరరావుకి ఇక యార్డు సెలవులేనని.

ఇక నా ఘనకార్యం చెప్పాలి.

మంచుగది మొదలుపెట్టిన రోజున మిషన్ బిగించిన ఇంజనీర్లు కొబ్బరికాయ కొట్టారు. అద్దం తలుపు అంచులకి పసుపు రాసి బొట్లు పెట్టారు, పైన కోటప్పకొండ స్వామి పటం తగిలించారు. డాక్టరు గారికి ఇలాంటి పట్టింపులు లేవు, మీ ఇష్టం అని వదిలేశారు. ప్రతి శుక్రవారం ఆ పటానికి పూలు పెట్టింది నేను. మా ఆడవాళ్ళు చెప్పులు బయట విడిచి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, తలుపుని తాకి కళ్ళకద్దుకుని లోపలికి వెళ్ళేవాళ్ళు. తమకి ఊపిరి ఇచ్చిన గదికి మొక్కకుండా ఎలా ఉంటారు? అలాంటి గదిలోకి నెలసరి రోజుల్లో ఎవరొస్తారు? పొద్దున్నే ఫోన్ చేసి, బయటున్నానమ్మా, రాలేను అనేవాళ్ళు. ఐదో రోజు తలకి పోసుకుని రామ్మా అని నేను చెప్పేదాన్ని. వాళ్ళదాకా ఎందుకు, ఆ రోజుల్లో నేనూ గుమ్మం దాటేదాన్ని కాదు, తోటి నర్సుని పంపేదాన్ని. నెత్తురు, కాన్పులు, కుట్లు అన్నీ ఈ చేతులతోనే చూశాను. అయినా నా బుద్ధి అంతవరకే పనిచేసింది.

రిజిస్టర్లో వాయిదాకి కారణం అని ఒక గడి ఉండేది. అందులో ముట్టు అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. డాక్టరు గారు చూస్తారు, కంప్యూటర్ దగ్గర లెక్కలు కట్టే మగవాళ్ళు చూస్తారు. అందుకని నా ముత్యాల్లాంటి అక్షరాలతో సొంత పని అని రాశాను. ఏడు రోజుల్లోపు వస్తే కంప్యూటర్లో పచ్చరంగే పడుతుంది కాబట్టి ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. చాలామందికి నెలసరి కూడా ఇరవై ఎనిమిది రోజులకే వస్తుంది. తర్వాతి తేదీ ఎప్పుడూ పాత లెక్క ప్రకారమే వేసేవాళ్ళం. అంచేత ఒకసారి ఆ రెండూ ఒకే వారంలో పడ్డాయంటే ఇక నెలనెలా పడేవి, నెలనెలా సొంత పని.

మార్పు సంగతి ముందుగా చెప్పింది తాడికొండ నుంచి వచ్చే ఒకామె. ఐదు రోజులయ్యేది రెండు రోజులకి దిగిందని బల్ల మీద కూర్చుని నవ్వుతూ చెప్పింది. ఇంకొకామెకి మరక మాత్రమే కనిపిస్తోందట. కోల్డ్ స్టోరేజీలో పది గంటలు నిలబడి పనిచేసేవాళ్ళకి అంతకన్నా హాయి ఏముంది? ఎవరూ బాధపడలేదు, ఎవరికీ భయం వేయలేదు. డాక్టరు గారు అటు వస్తుంటే మాత్రం అందరూ నోళ్ళు మూసుకుని పైటలు సర్దుకునేవాళ్ళు. ఆయన పాపం ఒక్కొక్కరినీ, ఇంకేమైనా ఇబ్బందులున్నాయా అని అడిగేవారు. లేవండి అనేవాళ్ళు. అది ఇబ్బంది కాదుగా మరి. నేను పక్కనే నిలబడి లేవు అని రాసుకునేదాన్ని.

హైమకి కూడా తగ్గుతూ వచ్చి, పద్నాలుగో నెలలో పూర్తిగా ఆగింది. ఆ రోజు ఆమె మా ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నా రెండు చేతులూ పట్టుకుంది. నాకు అర్థమైంది. మర్నాడు ల్యాబ్‌లో పరీక్ష చేశాను, లేదని వచ్చింది. వారం ఆగి మళ్ళీ చేశాను, లేదనే వచ్చింది. రెండో నెలా రాలేదు, పరీక్షలోనూ ఏమీ లేదు. పరీక్ష పట్టీ మీద రెండో గీత కోసం మేమిద్దరం ఎంతసేపు చూశామో నాకే తెలియదు. చివరికి ఆమె పట్టీని తీసుకుని చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుంది. మందు వల్ల నెలలు అటూ ఇటూ అవుతాయిలే అన్నాను. ఈ సంగతి డాక్టరు గారి చెవిన వేస్తాలే అని కూడా అన్నాను.

“చెప్పమాక వదినా,” అంది. “ఇదేదో తేడాగా ఉందని నన్ను తీసేస్తారు. కావలోళ్ళు పోతే నా గతేంది? మళ్ళీ ఆ మాత్రలు మింగాలి. అప్పుడిక బిడ్డ ఎట్టా?”

నాకూ అదే భయం. పైగా ఒక మగాయనతో మా మరదలి నెలసరి గురించి మాట్లాడాలంటే నోరు పెగలదు. ఆ భయమూ ఈ సిగ్గూ కలిసి నన్ను ఊరుకోబెట్టాయి. మామూలుగానే ఆమెకి పిలుపుమందు పట్టి పంపించాను.

నాలుగు వారాలు గడిచి ఆమె తేదీ మళ్ళీ వచ్చింది. గురువారం. నేను సీసాల మీద పేర్లు అంటిస్తుండగా హైమ ఫోన్ చేసింది.

“వదినా, బయట చేరా,” అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. నిజంగానా అన్నాను.

“ఇందాకే కనపడింది. నడుం బాగా లాగుతోంది వదినా, ఎప్పుడూ ఇట్టా లేదు. ఇయాళ నా తేదీగా. ఏం చేయమంటావు?”

“ఇన్నాళ్ళకి వచ్చిందిగా, ఆమాత్రం లాగుద్ది. పడుకో. ఐదో రోజు తలకి పోసుకుని వద్దువుగాని.”

ఫోన్లో ఆమె వెనక ఆటో హారన్ వినిపించింది. తర్వాత, సరే వదినా అని పెట్టేసింది. నేను రిజిస్టరు తీసి, హైమవతి అన్న పేరుకి ఎదురుగా సొంత పని అని రాశాను. సంతోషంగా రాశాను. నెలసరి మళ్ళీ మొదలైతే బిడ్డకి దారి తెరుచుకున్నట్టే కదా అనుకున్నాను. మధ్యాహ్నం అన్నం తింటూ తోటి నర్సుతో కూడా ఆ మాటే అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం మా తమ్ముడు ఆమెని ఆటోలో తీసుకొచ్చాడు. నేను కబురందుకుని పరిగెత్తేసరికి అత్యవసర విభాగంలో బల్ల మీద ఉంది. పిల్లికూతలు లేవు. నర్సులకి తెలుసు, ఉబ్బసంలో కూత వినిపించకపోవడం ఇంకా చెడ్డది, గాలి లోపలికే పోవడం లేదన్న మాట. పెదవులు నల్లగా అయిపోయాయి. నడుం కింది నుంచి చీరంతా తడిసిపోయి, బల్ల అంచు నుంచి నేల మీదికి కారుతోంది. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి, నా కోసం వెతికాయి, నేను దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుంటే గట్టిగా నొక్కింది. డాక్టరు గారు ఇంట్లో కట్టుకున్న లుంగీతోనే వచ్చేశారు. ఆడవాళ్ళ డాక్టరమ్మ వచ్చింది. గొంతులోకి గొట్టం వేశారు, నెత్తురు ఎక్కించారు. సాయంత్రం ఐదున్నరకి మనిషి దక్కింది.

డాక్టరమ్మ బయటికి వచ్చి, మాస్కు కిందికి లాగి, మా ఇద్దరికీ చెప్పింది. పిండం ఐదో వారంలో ఉంది, నిలవలేదు అని.

“ఎవరికి?” అన్నాడు మా తమ్ముడు.

ఆమె మళ్ళీ చెప్పింది. వాడు నా వైపు చూశాడు, నేను ఏదో సర్దిచెబుతానన్నట్టు. చిన్నప్పటినుంచీ ఏ కష్టమొచ్చినా వాడు అలాగే చూస్తాడు నా వైపు.

సోమవారం పొద్దున డాక్టరు గారు నన్ను కంప్యూటర్ గదిలోకి పిలిచారు. కావలి కణాలకి ముందే ఒక గుర్తు వేసి ఉంటుంది, కెమెరాతో ఒంటిని చూస్తే అవి ఎక్కడున్నాయో అక్కడ వెలుతురు కనిపిస్తుంది. నిన్న అంత గాభరాలోనూ ఆయన హైమని ఆ కెమెరా కింద పెట్టించారు. తెర మీద ఆమె ఛాతీ చీకటిగా ఉంది. పొత్తికడుపులో గుప్పెడంత మేర తెల్లగా వెలుగుతోంది. ఆయన మిగతా అందరి పాత బొమ్మలూ ఒక్కొక్కటే తీసి చూపించారు. అందరి ఛాతీలూ వెలుగుతూనే ఉన్నాయి. అవన్నీ తలకి పోసుకుని వచ్చాక తీసినవి. నెత్తురు పోతున్న ఆడదాని బొమ్మ మా ప్రయోగశాలలో తీయడం మూడేళ్ళలో ఇదే మొదటిసారి.

“సుభాషిణమ్మ గారూ, ఈ సొంత పని అంటే ఏమిటండీ?” అన్నారు. రిజిస్టరు ఆయన ముందు తెరిచి ఉంది.

చెప్పాను. ఆ మాట వాడే చెప్పాను. చెప్పడానికి పట్టింది అర నిమిషం. అంత సులువైన పనికి మూడేళ్ళు పట్టింది నాకు. ఎన్నిసార్లు రాశానో ఆయన లెక్కపెట్టించారు, రెండు వందల పదమూడు వచ్చింది.

ఆయన కోప్పడతారని చూశాను. కోప్పడితే బాగుండేది. తెర వైపే చూస్తూ మెల్లగా చెప్పారు. నెలనెలా ఆడదాని గర్భసంచి లోపలి పొర వాచి, చిట్లి, రాలిపోతుంది. కావలి కణాలకి ఆ వాపుకీ రోగపు వాపుకీ తేడా తెలియదు. పిలుపుమందు బలం తగ్గే సరికి సరిగ్గా ఆ వాపు వాటిని పిలిచేది. అవి వెళ్ళి చల్లార్చేవి, అందుకే నెలసరి తగ్గుతూ తగ్గుతూ ఆగింది. వాయిదా వేసిన ప్రతివారమూ అవి అక్కడే ఉండి, తర్వాత పిలుపుమందు పడ్డాక కొన్ని వెనక్కి వచ్చేవి, కొన్ని అక్కడే ఉండిపోయేవి. కిందటి నెల మందు గట్టిగా పనిచేసిన రోజుల్లోనే హైమకి కడుపు పండింది. బిడ్డ అంటుకోవాలన్నా అక్కడ కాస్త వాపు రావాలట. నాలుగు వారాలు తిరిగేసరికి మందు బలం తగ్గింది, కావలోళ్ళు ఊపిరితిత్తులు ఖాళీ చేసి మొత్తం అటు వెళ్ళారు. తమకి నేర్పిన పని చేశారు.

“నేను వాళ్ళని ఒక్కసారి కూడా అడగలేదండీ,” అన్నారు. “ఫారంలో ఆ ప్రశ్నే పెట్టలేదు.”

ఆ గురువారం ఆమె వచ్చి ఉంటే ఏమయ్యేదని నేనే అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

“మూత్ర పరీక్షలో గర్భం తెలిసేది. పిలుపుమందు పడితే సాయంత్రానికల్లా కణాలు వెనక్కి వచ్చేవి. బిడ్డ నిలిచేదనే నా నమ్మకం.”

ఆయన నోటికొచ్చింది చెప్పే మనిషి కాదని ముందే చెప్పాను.

ఆ వారమంతా మిగతా నలభై మందికీ నేనే ఫోన్లు చేశాను. దాపరికం లేకుండా అడిగాను, వాళ్ళూ చెప్పారు. ముప్పై మూడు మందికి మార్పు వచ్చింది. పదకొండు మందికి ఆగే పోయింది. ఇద్దరికి హైమలాగే నెల తప్పి, తర్వాత నెత్తురు గట్టిగా పోయిందట. వాళ్ళు దాన్ని ముట్టే అనుకున్నారు. అవునో కాదో ఇక ఎప్పటికీ తెలియదు. మంచుగది తలుపు మీది పసుపుని తడిగుడ్డతో తుడిచాను, పటం తీసి అలమరలో పెట్టాను. ఇకనుంచి తేదీ అంటే తేదీయే, ఎలా ఉన్నా రావాల్సిందే అన్నాను. తాడికొండ ఆమె నెలసరిలో వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయి, కాలు రావట్లేదమ్మా అని ఏడ్చింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. ఆమె కూర్చున్న అరగంటా తల ఎత్తలేదు.

హైమకి రెండుసార్లు పిలుపుమందు పట్టాం. సగం కణాలు ఛాతీకి తిరిగొచ్చాయి, గాలికి ఆ సగం చాలు. మిగతావి గర్భసంచి గోడలో పాతుకుపోయాయి. ఆ గోడ గట్టిపడింది, ఇక బిడ్డ అంటుకోదు. కడిగేసే మందు ఒకటి ఉంది. అది పడితే కావలోళ్ళు ఒక్కరు కూడా మిగలరు, కడుపులోనూ ఛాతీలోనూ. అప్పుడు పాత ఆయాసం పాతలాగే వస్తుంది, రెండోసారి కణాలు పెడితే ఒళ్ళు ఒప్పుకోదు. అంత చేసినా బిడ్డ నిలిచే అవకాశం పదింట ఒక వంతని డాక్టరు గారు అన్నారు. తేల్చుకోవాల్సింది హైమ. అన్నీ తెలిసే సంతకం పెట్టాలి, ఆ గురువారం సంగతి కూడా తెలియాలి, మీరు చెప్పలేకపోతే నేను వెళ్ళి చెబుతాను అన్నారు. వద్దండీ, నేనే చెబుతానన్నాను.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి వాళ్ళింటికి వెళ్ళాను. తమ్ముడు యార్డు నుంచి ఇంకా రాలేదు. హైమ వరండాలో చాప మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. కాఫీ పెడతానని లేవబోతే వద్దన్నాను, పక్కన కూర్చుని నేనూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకున్నాను. ముందు కడిగేసే మందు గురించి చెప్పాను. పదింట ఒక వంతన్న మాట రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత గురువారం సంగతి చెప్పాను. ఆమె వస్తే ఏం జరిగి ఉండేదో డాక్టరు గారు చెప్పింది చెప్పినట్టు చెప్పాను, ఒక్క ముక్క కూడా మింగలేదు. రిజిస్టర్లో ఇన్నాళ్ళూ ఏం రాశానో కూడా చెప్పాను.

“నిన్ను రావద్దన్నది నేనే హైమా. బిడ్డ నా వల్లే పోయింది,” అన్నాను.

ఆమె కాయలు తుంచడం ఆపలేదు. కిందింటి వాళ్ళ కుక్కర్ మూడు కూతలు కూసింది. నన్ను తిడుతుందని, లేచి లోపలికి పోతుందని, జుట్టు పట్టుకుంటుందని, అన్నీ అనుకుని సిద్ధపడే వెళ్ళాను. ఏం చేసినా పడదామనే వెళ్ళాను.

“కడిగించుకోను వదినా,” అంది. “తొమ్మిదేళ్ళు బిడ్డ కోసమే ఊపిరి అడిగా. ఇప్పుడది ఒక్కటే మిగిలింది. ఇదీ ఇచ్చేస్తే నేనేంది మిగిలేది? మీ తమ్ముడు కూడా వద్దనే అంటాడు. ఆటోలో నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు పాపం, భయపడిపోయాడు.”

సరేనమ్మా అన్నాను. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే ఆమె ఔనని అంటుంది, అది ఆమె స్వభావం. అందుకని అడగలేదు. కాయలన్నీ అయిపోయాయి. ఆమె పీచంతా పోగుచేసి కాగితంలో చుట్టింది. చుట్టిన పొట్లం ఒళ్ళోనే పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ మాట్లాడింది. గొంతు మామూలుగానే ఉంది, మధ్యలో ఎక్కడా గాలి కోసం ఆగలేదు.

“ఆ పొద్దున నాకు అనుమానం వచ్చింది వదినా. ఒళ్ళు నాదిగా, తెలవదా? అది మామూలుది కాదనిపించింది. మూడుసార్లు పరీక్షలో లేదని వచ్చిందిగా, మళ్ళీ ఆశపడ్డానంటే నవ్వుతారని నోరు రాలా. బయటున్నానని చెప్పడానికే అయితే మెసేజ్ పెడితే సరిపోయేది. నువ్వు నర్సువిగా, ఎట్టా ఉన్నదానివి అట్టా వచ్చెయ్ అంటావని చేశా. చీర మార్చుకుని, చెప్పులేసుకుని, కింద ఆటోని ఆపి పెట్టుకుని చేశా వదినా ఆ ఫోను.”